నేను జరపని బొమ్మలు

"ఇక నీకు పని తేలిక, జయా. చూడు, తెర మీద అన్నీ బొమ్మలే, నొక్కితే చాలు. నేను కూడా వాడగలను," అన్నారు మావారు జగదీష్, కొత్త కంప్యూటర్‌ని అట్టపెట్టెలోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెడుతూ. మేము అమెరికాలోని ట్రాయ్‌కి వచ్చిన కొత్తల్లోనే ఆయన ఆఫీసు రిపోర్టులు ఇంటికి రావడం మొదలైంది. పసుపు కాగితాల మీద ఆయన గిలికింది చదివి, ఇంగ్లీషు సరిచేసి, పాత మిషన్‌లో టైప్ చేసేది నేను. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఏ ఫైల్ తెరవాలన్నా కమాండ్ కొట్టాలి, ఒక్క చుక్క తప్పినా తెరుచుకోదు. అవన్నీ నాకు నోటికొచ్చు, ఆయనకి ఒక్కటీ రాదు. నాలుగేళ్ళుగా ఆయన పంపిన ప్రతి ఉత్తరం నా వేళ్ళ మీదుగానే వెళ్ళింది. అయినా ఏ పార్టీలోనైనా నన్ను ఏం చేస్తుంటారని అడిగితే, నేను నోరు తెరిచేలోపే "షి ఈజ్ ఎట్ హోమ్" అనేవారు. అత్తగారు ఉత్తరాల్లో, "మావాడికి టైపు అదీ చేసిపెడుతున్నావట, నీకూ పొద్దుపోతుందిలే" అని రాసేవారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

దసరాకి కొత్త మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాను. పక్కనే ఉన్న మౌస్‌ని మాత్రం ఎలా వదిలేస్తాను? తిప్పి చూస్తే పొట్ట కింద రబ్బరు బంతి. తిరిగేది కదా అని, కారు చక్రాలకి పెట్టినట్టే దానికీ కుంకుమ పెట్టాను. మర్నాటి నుంచి తెర మీది బాణం నా మాట వినడం మానేసింది. కుడికి తోస్తే కిందికి జారేది. కుంకుమ లోపలికి వెళ్ళి పట్టేసిందని తర్వాతెప్పుడో తెలిసింది గానీ, అప్పుడు మాత్రం ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టే ఉండేది.

ఇంకొకటి కూడా జరుగుతోంది. దానికి కుంకుమతో సంబంధం లేదు. పాత మిషన్ ఆపేస్తే అంతా నలుపే, ఎవరు కూర్చున్నారో ఏం చేశారో దానికి పట్టదు. ఇది ఏ బొమ్మని ఎక్కడ వదిలితే అక్కడే ఉంచుతుంది. శుక్రవారం ఫోల్డర్లన్నీ ఎడమవైపు వరసగా పేర్చి ఆపేస్తాను. సోమవారం తెరిస్తే రెండు పక్కకి జరిగి ఉంటాయి, నేను తెరవని విండో ఒకటి మూలన తెరిచి ఉంటుంది. బయట మంచు, ఇంట్లో నేనొక్కదాన్నే. నాలాంటిదే ఇంకొకతె వచ్చి, నా కుర్చీలో కూర్చుని నా పని చేసి వెళ్తోందనిపించేది. చెబితే జగదీష్ నవ్వారు. "పగలంతా ఒక్కదానివే ఉంటావుగా, ఇలాగే అనిపిస్తుంది. నువ్వే మూవ్ చేసి మర్చిపోయుంటావ్." మూడోసారి అలా అన్నాక నేనూ నమ్మాను. ఆపేముందు ఏ బొమ్మ ఎక్కడుందో కాగితం మీద గీసి, తేదీ వేసుకోవడం మొదలుపెట్టాను. గీసినట్టు ఏ సోమవారమూ లేదు. నాకు పిచ్చెక్కుతోందని నిజంగా భయమేసింది.

ఆ భయంలో నాకున్న ఆశ ఒక్కటే. దగ్గర్లోని కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో అసిస్టెంట్ ఉద్యోగానికి ఆగస్టులో అప్లై చేశాను. నా పేరుతో, నా కోసం నేను టైప్ చేసుకున్న మొదటి కాగితం అది. "చూద్దాంలే," అన్నారు జగదీష్. రోజూ ఇంటి ముందున్న మెయిల్‌బాక్స్ తీసి చూసుకునేదాన్ని. శనివారాలు మాత్రం నేను గ్రోసరీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేదాన్ని, ఆ రోజు మెయిల్ ఆయన తెచ్చేవారు.

నవంబర్‌లో ఒక మంగళవారం, రిపోర్ట్ తెరవబోతే బాణం జారి దాని కింద ఉన్న "కార్ ఇన్సూరెన్స్" అనే ఫోల్డర్ మీద పడింది. అలాంటిది నేను చేసిన గుర్తు లేదు. తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క ఉత్తరం, కాలేజీకి రాసింది. ఇంటర్వ్యూకి పిలిచినందుకు కృతజ్ఞతలట. కుటుంబ బాధ్యతల వల్ల రాలేకపోతున్నానట. మీకు కలిగించిన శ్రమకి మన్నించమని మనవి. కింద నా పేరు. తేదీ అక్టోబర్ చివరి శనివారం.

అది అచ్చం నేను రాసినట్టే ఉంది. ఒక్క నిమిషం, నేనే రాసి మర్చిపోయానని నమ్మాను కూడా. రెండోసారి చదివితే వాక్యాలు గుర్తుకొచ్చాయి. ఆయన పేరుతో నేను రాసిన ఉత్తరాల్లో మాటలే అన్నీ, ఒక్కొక్కటీ ఏరి అతికించారు. పాత మిషనే ఉంటే ఈ ఉత్తరం కూడా నాతోనే టైప్ చేయించుకోవాల్సి వచ్చేది. బొమ్మలొచ్చాక ఆయనకి నా వేళ్ళతో పని లేకపోయింది, నా పేరుతో మాత్రం పడింది.

ఏడుపు రాలేదు. ఇన్ని వారాలు నన్ను నేనే అనుమానించుకున్నందుకు మాత్రం కోపమొచ్చింది. లేచి వెళ్ళి కిచెన్ గోడకున్న ఫోన్ తీసి కాలేజీకి డయల్ చేశాను.

"మీరు రాలేనని రాశారు కదా?" అంది అవతల ఆవిడ, కాగితాలు తిరగేస్తూ.

"ఆ ఉత్తరం నాది కాదు. ఉద్యోగం ఇంకా ఉందా?"

"ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. శుక్రవారం పదింటికి రాగలరా?"

"వస్తాను."

ఆవిడ పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి అడిగింది. "మరి మీ పేరుతో అది రాసిందెవరు?"

"మా హజ్బెండ్" అనబోయాను. ఇన్నేళ్ళ అలవాటు. మానుకున్నాను.

"ఎవరో తెలీదండీ," అన్నాను. "ఈ ఇంట్లోనే ఉంటున్నాడు."