మగ్గం తొక్కే కాళ్ళు

కొండపల్లి కొండ ఎక్కబోయే రోజున కూడా తెల్లవారగానే నేను చేసిన మొదటి పని ఆయన కాళ్ళకు ఆముదం రాయడం. ఆయన పేరు చౌడయ్య. మొగుడి పేరు పలకకూడదంటారు. పలికాను, ఏం చేస్తారో చేయండి. మా ఇంట్లో దేవుడి పటాల తరువాత అంత సేవ అందుకునేవి ఆ రెండు కాళ్ళే. "మగ్గం తొక్కే కాళ్ళే అవి. వాటివల్లనే మన కంచాల్లో మెతుకులు" అనేది మా అత్తగారు మాణిక్యమ్మ. కోడికూతతో లేచి రాట్నం ముందు కూర్చుని నేను నూలు కండెలు చుడితే, ఆ కండె పడుగు మధ్య పరిగెత్తే నాడెలో పడితే, అప్పుడు గదా ఆ కాళ్ళకు పని! ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. పైగా ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా నూలు ఇంకా సర్కారు కోటా మీదే. ఆ వేసవిలో నూలు రాక మగ్గం పడుకుంది. దాంతోపాటే ఆయనా పడుకున్నాడు. రెండు నెలలు పడుకుని పడుకుని విసుగు పుట్టి, ఒకరోజు "పిల్లలకు కోట చూపిస్తా" అన్నాడు.

మా అబ్బాయి మార్కండేయులుకు ఏడేళ్ళు. రేపు మగ్గం గుంటలో దిగి తొక్కేవాడు గనక వాడికి చెప్పులు కుట్టించారు. అమ్మాయి శివపార్వతికి ఐదు. "రాట్నం తిప్పడానికి చేతులు చాలుగా, దానికెందుకు చెప్పులు?" అన్నారు తల్లీ కొడుకూ. నాకు చెప్పులెందుకని అడిగే అవసరం కూడా ఎవరికీ రాలేదు. మొగుడి ఎదుట చెప్పులేసుకుని నడిచే ఆడదాన్ని మా నేతవాళ్ళ వీధిలో నేను చూడలేదు.

బెజవాడలో తొమ్మిది గంటల రైలెక్కాం. అంతకుముందు బండికి వెళదామంటే, కడుపునిండా తినందే కదలనన్నాడు మహానుభావుడు. కొండ మొదలుకొచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. పెరుగన్నం మూట, నీళ్ళ కూజా నా దగ్గర. గొడుగు ఆయన దగ్గర. నాలుగు మలుపులు ఎక్కామో లేదో శివపార్వతి ఏడుపు అందుకుంది. అరికాళ్ళు చూస్తే బొబ్బలు.

"ఎత్తుకోవే. ఆడపిల్లని తీసుకురావద్దంటే విన్నావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

చంకలో పిల్ల, చేతిలో కూజా, తలమీద మూట. నా కాళ్ళకింద బండ పెనంలా కాలుతోంది. సగం కొండ ఎక్కాక ఒక చెట్టునీడ దొరికింది. కూజాలో సగం నీళ్ళు ఆయనే తాగేసి, "నువ్వూ అదీ ఇక్కడే పడుండండి. నేనూ అబ్బాయీ పైకెళ్ళొస్తాం" అన్నాడు. వెళ్ళాడు కూడా. ఇరవై అడుగులు. ఆయాసపడుతూ తిరిగొచ్చి, "కోటలో ఏముంది, మొండిగోడలు" అని చెప్పులు విడిచి, కండువా మొహాన కప్పుకుని పడుకున్నాడు. క్షణంలో గురక.

"అమ్మా, రాజుగారి ఇల్లు చూడకుండానే పోతామా?" అంది శివపార్వతి. బొబ్బలెక్కిన పాదాలు ఊదుకుంటూనే అడిగింది.

"నీకెందుకే? నువ్వు ఆడపిల్లవి" అన్నాడు ఏడేళ్ళ నా కొడుకు. అచ్చం తండ్రి గొంతు. నా ఒళ్ళు మండింది.

"చెప్పులు విడిచి ఆ బండమీద నిలబడరా" అన్నాను. వాడు నిలబడ్డాడు. రెండు గెంతులు గెంతి నీడలోకి వచ్చిపడ్డాడు. తన చెప్పులు చెల్లెలి ముందుకు తోశాడు. "సగం దూరం ఇది, సగం దూరం నేను" అన్నాడు. వాడింకా పాడైపోలేదు, బతికిపోయాను.

అప్పుడు ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. మొగుడి చెప్పుల్లో పెళ్ళాం కాలు పెడితే ఆయనకు ఆయుష్షు క్షీణమట. ఆగి చూశాను. గురక ఆగలేదు. చెప్పులు వదులైతే పాత గుడ్డపీలికతో కట్టుకుని, చెప్పుల్లేని వంతు వచ్చినవాళ్ళను చంకనెత్తుకుంటూ పైకెక్కాను.

మొండిగోడలే. నిజమే. కానీ ఎంత గాలి! రాజుగారి మేడ కిటికీలోంచి శివపార్వతి కిందకు చూసి, "అమ్మా, రైలు చీమంత ఉంది!" అని కేకలేసింది. నేను పెళ్ళయ్యాక ఒక గంటసేపు ఎవరికీ ఏమీ అందివ్వకుండా కూర్చున్నది అక్కడే.

దిగొచ్చేసరికి నీడ చిక్కిపోయింది. మగ్గం తొక్కే కాళ్ళు రెండూ దగ్గరకు చేర్చుకుని ఆయన చెట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"నా చెప్పులు తొడుక్కుంటావా? సిగ్గులేదుటే? విప్పు!"

విప్పి ఇచ్చాను. దారి పొడుగునా తిట్టాడు. ఇంటికి రాగానే తల్లికి చెప్పాడు. ఆమె గుండెలు బాదుకుంది. "నా కొడుకు ఆయుష్షు తీశావు గదే! ఏం చూసుకుని నీకింత పొగరు?"

నేను శివపార్వతి కాళ్ళు కడిగి, పసుపు అద్దుతున్నాను. తల ఎత్తలేదు.

"అత్తయ్యా, ఎల్లుండి నూలొస్తుందంటున్నారు. దీనికి చెప్పులు వచ్చేదాకా నేను రాట్నం ముట్టను. కండెలు లేకపోతేనేం, మీ అబ్బాయి కాళ్ళున్నాయిగా. ఉత్త మగ్గం తొక్కుకోమనండి."