దారంతో కొలిచిన బొంబాయి

బొంబాయికి విమానం ఎంతసేపట్లో పోతుందో నిజామాబాద్‌లో అందరికంటే ముందు తెలుసుకున్నవాణ్ణి నేనే. ఆ గొప్ప ఇంకెవరికీ వద్దు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ తెరిచిన మరుసటేడు, చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర నాకు పని దొరికింది. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల్లో బొంబాయిలో దిగొచ్చని అక్కడి ఫిట్టరొకడు చెప్పాడు. ఇంటికొచ్చి గోడమీది పటంలో ఆ రెండు ఊళ్ళ మధ్య దారం పెట్టి కొలిచాను. నాలుగు వందల మైళ్ళు కూడా లేదు. ఆ నెలంతా కనబడ్డవాణ్ణల్లా ఆపి ఈ లెక్క వినిపించాను.

మా చెల్లెలు గోదావరి నా దగ్గరే ఉండి బీడీలు చుట్టేది. ఆమె భర్త లింగం బొంబాయి మిల్లులో నేతపని చేసేవాడు. మాఘంలో ఒక సోమవారం, అతని గదిలో ఉండే కాశయ్య రాసిన ఉత్తరం వచ్చింది. లింగానికి జ్వరం దిగడం లేదు, గోదావరిని తలుచుకుంటున్నాడని.

గోదావరి అప్పటికప్పుడే మూట కట్టుకుంది.

"రేపు పొద్దుగాల మన్మాడ్ బండికి పోదాం అన్నా. ఎల్లుండి రాత్రికి ఆడుంటం."

"తార్ గొట్టి అడుగుదామా?" అన్నాను.

చెవులు మూసుకుంది. మా ఇళ్ళల్లో తార్ అంటే, టెలిగ్రాం అంటే, చావు కబురే. బతికున్నవాడికి ఎవరూ పంపరు.

"జరమే గదనే. ఇమానం టపాల ఉత్తరమేస్త. నాలుగు గంటలల్ల ముడుతది. ఎట్లున్నడో ఎర్కయినంక పోదాం."

నమ్మింది. లెక్కలు తెలిసిన అన్నను కదా!

అసలు సంగతి వేరు. చెరుకు కోతల రోజులవి. కాంటా వదిలి నాలుగు రోజులు రజా అడిగితే కొత్త పని ఊడుతుందని నా భయం. విమానాన్ని అడ్డం పెట్టుకున్నాను, అంతే.

ఉత్తరం విమానం ఎక్కాలంటే ముందు రైల్లో, బొంబాయికి వీపు పెట్టి, హైదరాబాద్ పోవాలి. అది అక్కడికి చేరేసరికి విమానం వెళ్ళిపోయింది. తర్వాతది శుక్రవారం. ఎన్ని గంటలు ఎగురుతుందో అడిగానే గానీ, ఏయే రోజుల్లో లేస్తుందో అడగలేదు.

శనివారం సాయంత్రం తార్ బంట్రోతు మా వాకిట్లో సైకిలు దిగగానే గోదావరి కూలబడింది. లింగం ఆ పొద్దునే పోయాడు. ఇక బండెక్కినా కడచూపుకు అందలేం.

బుధవారం నా ఉత్తరానికి జవాబు వచ్చింది, అదీ విమానంలోనే. శుక్రవారం రాత్రి లింగం చెబుతుంటే కాశయ్య రాసిన జవాబు.

"ఉత్తరమెందుకు, మనిషిని పంపున్రి. బేస్తవారం కెల్లి తలుపు దిక్కే సూస్తున్న."

చదివి వినిపించాల్సింది నేనే. చదివాను.

గోదావరి ఏడవలేదు. పటం ముందుకు పోయి నిలబడింది.

"మన ఊరికెల్లి బొంబాయికి దారం పెట్టన్నా."

పెట్టాను. హైదరాబాద్ నుంచి పెట్టిన దారం కంటే గోరంత పొట్టిగానే వచ్చింది.

"గా దినం గిట్ల ఎందుకు పెట్టలే?"

"తోచలే చెల్లే."

తల ఊపింది. ఆ మాటా నమ్మింది. రజా అడగడానికి భయపడ్డానని ఆమెకు ఈ రోజుకీ చెప్పలేదు.