దొరకలేదు

అల్లిక యంత్రం మూలన పడి వారమైంది. దాన్ని నడిపే కంప్యూటర్లో బోర్డు కాలిపోతే మేస్త్రి కొత్తది తెచ్చి బిగించాడు. కంప్యూటర్ లేచింది. యంత్రం మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండి, తగిలించిన ప్రతి సామానుతోనూ మాట్లాడే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఈ యంత్రంతో మాట్లాడటం మామూలు కెర్నెల్‌కు చేతకాదు. మేస్త్రి భార్య దానికి తను రాసిన ముక్కలు నాలుగు కలిపి, తనే కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ భాషలోకి మార్చి, ఎక్కించింది. ఇప్పుడు కొత్త బోర్డుకు తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేయాలి. ఆమె పోయి రెండేళ్ళు. పక్కన కూర్చుని చూసిన పని కాబట్టి అతనికి కొంత తెలుసు. మిగతాదానికి తిట్లున్నాయి.

షెడ్డులో సగం వాటా బావమరిదిది.

"సాయంత్రంలోగా తిరిగితే సరే బావా. లేదంటే లారీ వస్తుంది. పాత ఇనుము కింద కొంటానన్నాడు ఒకడు."

"పాత ఇనుమా?"

"తిరగని యంత్రాన్ని ఇంకేమంటారు? మనవరాలంటారా?"

యంత్రం పోతే మేస్త్రికి షెడ్డులో పని లేదు. పని లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఆ ఇంట్లో పగటిపూట కూర్చోవడం అతని వల్ల కాదు.

కంపైల్ మొదలుపెట్టాడు. మొదలైనచోటే ఆగింది. ఫ్లెక్స్ అనే పనిముట్టు దొరకలేదంది తెర. దాన్ని ఎక్కించాలంటే కంప్యూటర్ మొత్తం మీద పెత్తనమిచ్చే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది బావమరిది ఒక్కడికే తెలుసు. వాడు వచ్చి, ఎడమ అరచెయ్యి కీబోర్డుకు అడ్డం పెట్టాడు.

"కళ్ళు అటు తిప్పు బావా."

"నా షెడ్డులో నా కళ్ళు తిప్పుకోవాలా?"

"సగం షెడ్డేగా. ఒక కన్ను తిప్పు, చాలు."

ఫ్లెక్స్ వచ్చింది. ఈసారి బైసన్ దొరకలేదు.

"బైసనంటే అడవిదున్న," అన్నాడు బావమరిది. "షెడ్డులో ఉన్న దున్న సరిపోదంటోంది."

మేస్త్రి నవ్వలేదు. బైసన్ తర్వాత లెక్కలు కట్టే బీసీ అనే పనిముట్టు దొరకలేదు. మాటిమాటికీ లేచి రాలేక బావమరిదికి తల ప్రాణం తోకకొచ్చింది. పాస్‌వర్డ్ కొట్టి, తలుపు తెరిచినట్టు అలాగే వదిలేసి, లారీవాడికి ఫోన్ చేయడానికి బయటికి పోయాడు.

చివరికి ఆ కంపైల్ చేసే ప్రోగ్రాము, కంపైలరే దొరకలేదంది. మేస్త్రి దాన్ని ఎక్కించబోతే, ముందే ఉంది పొమ్మంది. మళ్ళీ కంపైల్ మొదలుపెడితే దొరకలేదంది. ఉందనేదీ అదే, దొరకలేదనేదీ అదే. చచ్చినదానా, అనుకున్నాడు.

పొద్దుటినుంచీ అతను వరుస చివరి మాట మాత్రమే చదువుతున్నాడు. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచి చదివాడు. హోమ్, దాని తర్వాత పిచ్చుక, దాని తర్వాత కంపైలర్ పేరు. కంప్యూటర్లో ఒక్కో మనిషికీ ఒక్కో ఇల్లు కేటాయిస్తారు. పిచ్చుక అతని భార్య. ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమె రాసి పెట్టినదాని ప్రకారం కెర్నెల్ తన కంపైలర్ కోసం ఆమె ఇంటికే వెళ్తోంది. అక్కడ ఇల్లు లేదు.

"ఒరేయ్, ఇలా రా. మీ అక్క ఇల్లు ఏమైంది?"

"ఏ ఇల్లు?"

"ఇందులోది."

"అదా. చోటు చాల్లేదని తీసేశాను. పోయిన మనిషికి ఖాతా ఎందుకు బావా?"

"కంపైలర్ తన ఇంట్లో ఎందుకు పెట్టుకుంది? ఉమ్మడి చోటు ఉందిగా?"

"ఉమ్మడి చోట పెట్టాలంటే పాస్‌వర్డ్ కావాలి."

"అడిగిందా?"

"అడిగింది. ఒకటి రెండుసార్లు. ఏదన్నా పాడుచేస్తుందేమోనని..."

"ఎవరు? దీన్ని నడిపించినావిడా?"

బావమరిది ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఫోన్ మోగలేదు.

ఆ ఒక్క వరుస దిద్దితే పని అయిపోతుందని మేస్త్రికి తెలుసు. దిద్దలేదు. పిచ్చుక పేరుతో ఖాతా తెరిచాడు. ఇల్లు కట్టాడు. ఉమ్మడి చోట ఉన్న కంపైలర్‌కు ఆ ఇంట్లోంచి దారి వేశాడు. తర్వాత ఇంకో చిన్న పని చేశాడు. కంప్యూటర్ ఒకే మాటను రెండుసార్లు కొట్టమంది. కొట్టాడు.

తెర మీద వరుసలు పరుగెత్తాయి. ఎక్కడా ఆగలేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ లేపాడు. సూదుల పట్టీ ఒకసారి వణికి, ఎడమనుంచి కుడికి వెళ్ళి, తిరిగొచ్చింది. బూడిదరంగు నూలు మొదటి వరుస పడింది.

బయట లారీ హారన్ కొట్టింది. బావమరిది దాన్ని వెనక్కి పంపి, వచ్చిన ఖర్చుకు కాసేపు చిందులు తొక్కి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"బావా, పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు. మార్చావా?"

"మార్చాను."

"కొత్తదేంటి?"

"ఒకసారి అడిగావు. ఇంకోసారి అడుగు."

బావమరిది అతని ముఖంలోకి చూశాడు. వాడికి అర్థమైంది. అయినా అడిగాడు.

"కొత్తదేంటి బావా?"

మేస్త్రి నూలు కండె మార్చి, తెగిన పోగు ముడివేశాడు.

"దొరకలేదు," అన్నాడు.