తడిమట్టి వాసన

ల్యాబులో పెద్దదైన ల్యెన్ అక్క గాజుపళ్లెం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడల్లా, ఆమె దగ్గర పనిచేసే వాన్‌రూ ముఖం పక్కకు తిప్పుకునేది. రోగుల చీములోంచి, కఫంలోంచి తీసి పెంచిన క్రిములు అవి. కావొష్యుంగ్ నగరంలోని ఆ ఆసుపత్రి ల్యాబులో ఒకప్పుడు వాసనతోనే సగం క్రిములను గుర్తుపట్టేవారట. ఇప్పుడు యంత్రం ఉంది. పుల్లతో పిసరంత క్రిమిని లోహపు పలక మీద రాసి లోపల పెడితే, లేజరుతో చెదరగొట్టి, ముక్కల బరువు చూసి, నిమిషాల్లో పేరు చెబుతుంది. అయినా అక్క అలవాటు పోలేదు. ఆ కంపు పీల్చిన ముక్కుతోనే వెళ్లి ముల్లంగి అట్టు లొట్టలేసుకుంటూ తినేది.

తుఫాను వరద తీశాక ఒక చామదుంపల రైతు కఫం వచ్చింది. అందులోంచి పెంచిన క్రిముల పళ్లేన్ని అక్క మూత తీసి వాసన చూసింది.

"ఇటు రావే వాన్‌రూ, వాన పడ్డ మట్టిలా ఉంది."

"వద్దక్కా, అసహ్యం."

"రాకుమారికి అత్తరు పూసిన కఫం కావాలా? మామూలు మట్టిక్రిమే అంది యంత్రం. పీల్చు. నటించకు, గట్టిగా పీల్చు!"

చుట్టూ నవ్వులు. వాన్‌రూ పీల్చింది. నిజంగానే తడిమట్టి. ఎవరి ఊపిరితిత్తుల్లోనో ఊరిన మట్టి. పరుగున వెళ్లి ముక్కు మంటెత్తేదాకా కడుక్కుంది.

మర్నాడు ఆ రైతు రక్తంలోనూ అదే క్రిమి పెరిగింది. వాన్‌రూ పళ్లెం మూత తీయబోయి ఆగింది. మామూలు మట్టిక్రిమికి రక్తంలో ఏం పని? తనకు తెలియని క్రిమి వస్తే యంత్రం దాని దగ్గరి చుట్టం పేరు చెప్పేస్తుంది. ప్రమాదకరమైన క్రిముల గుర్తులు దాని జాబితాలో విడిగా కలపాలి. నిన్న ఎవరూ కలపలేదు.

ఆమె రెండు జతల చేతి తొడుగులు వేసుకుని, గాజుతెర వెనక క్రిమిని ఆమ్లంతో చంపి, పలక మీద పెట్టింది. ఈసారి ఆ గుర్తులూ కలిపింది. యంత్రం తెర మీద పేరు వచ్చింది: మెలియాయిడోసిస్ క్రిమి. ఊపిరితో లోపలికి పోయి మనుషులను చంపేది.

వార్డుకు ఫోన్ చేసింది. రైతుకు మందు మార్చారు.

ల్యెన్ అక్క ముఖం పాలిపోయింది. అట్టు పొట్లం చెత్తబుట్టలో పడేసింది.

"నిన్న... నిజంగా పీల్చావా? ఊరికే నటించావు కదూ?"

"నటించొద్దన్నావుగా అక్కా."

డాక్టర్లు ఇద్దరికీ మాత్రలు రాశారు, వారాల తరబడి మింగాలి. జ్వరం వస్తే వెంటనే చెప్పాలట.

వాన్‌రూ బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. "అబ్బ, ఎంత కమ్మటి వాసనో!" అంది గొడుగు కింద ఎవరో ముసలామె. వాన్‌రూ రెండు చేతులతో ముక్కు మూసుకుని, గోడ వారగా కూలబడి, భళ్లున కక్కుకుంది.