పుల్లయ్య మిషన్

కొత్తగూడ చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో, రేకుల షెడ్డులో, చెట్లు కోసే చైన్ మిషన్లు బాగుచేసే పెంటయ్యకు ఈ లోకంలో నా అనేవాళ్లు ఎందరని అడిగితే ఒక్కరే అని చెప్పాలి. ఆ ఒక్కరూ చుట్టం కాదు, కులం కాదు, ఊరివాడు అసలే కాదు. మదీనాగూడలో కొడుకు ఫ్లాటులో ఉండే కర్నూలు జిల్లా మనిషి, మునిస్వామి. రోజూ పొద్దున పదింటికి బస్సు దిగి, చంకలో పేపరుతో వచ్చి, షెడ్డు ముందున్న ఇనుప స్టూలు మీద కూర్చునేవాడు. ఒంటిగంటకు లేచి "వస్తానప్పా" అని వెళ్లిపోయేవాడు. పెంటయ్యకు రోజు అంటే ఆ మూడు గంటలే. మిగతాదంతా ఎలాగో గడిచిపోయే పొద్దు.

భార్య ఎల్లమ్మ పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. షెడ్డు ముందునుంచి దినానికి ఎన్ని వేలమంది పోతారో, మెడలో కార్డులు వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని. వాళ్లలో ఒక్కరైనా "తిన్నావా పెంటయ్యా" అని అడిగిన పాపాన పోలేదు. వాళ్లనని ఏం లాభంలెండి, ఎవరి పరుగు వాళ్లది. మునిస్వామి మాత్రం స్టూలు మీద కూర్చోగానే ఆ మాటే అడిగేవాడు.

ఆయన మొదటిసారి వచ్చింది రెండేళ్ల కింద, డిసెంబరులో. ఊరంతా బందులు, ఊరేగింపులు, జై తెలంగాణ నినాదాలు. ఆ గొడవలో ఈ ముసలాయన గోనెసంచిలో ఏదో మోసుకొచ్చి కింద దించాడు. విప్పి చూస్తే మిషన్. ఇప్పటి మిషన్లలా ఒంటిచేత్తో ఎత్తే బాపతు కాదు, మూడేళ్ల పిల్లాడంత బరువుంది. పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. రంగు వెలిసి ఏ కంపెనీదో చెప్పడానికి లేదు. పెంటయ్యకు ఉన్న ఒకే ఒక్క గర్వం అలాంటివి పోల్చడంలోనే. మిల్లీమీటరు పానా పెట్టి చూశాడు, ఏ బోల్టుకూ పట్టలేదు. ఇంచీ పానా పెడితే టక్కున కూర్చుంది. గొలుసుకు నూనె పోవడానికి బొటనవేలితో నొక్కే పంపు ఉంది. మూత విప్పి, ఇంజను ఒంటి మీద గీరిన నంబరు గుడ్డతో తుడిచి చూశాడు.

"అమెరికాది అన్నా ఇది. నలభై ఏండ్ల మిషన్. గిప్పుడు దీని సామాన్లు యాడ దొరుకుతయి? కొత్తది కొనుక్కోరాదు?"

"కోయడానికేం చెట్లుండాయప్పా ఈడ," అన్నాడు మునిస్వామి. "ఒగతూరి దీని సౌండు ఇనాల నేను. అంతే."

ఆ సౌండు కథేమిటో చెప్పడానికి ఆయనకు నెలరోజులు పట్టింది. ఆ మిషన్ తమ్ముడు పుల్లయ్యది. నల్లమలలో కాంట్రాక్టరు దగ్గర అన్నదమ్ములిద్దరూ కోతపని చేసేవాళ్లు. "ఆ కొండన వాడు, ఈ కొండన నేను. పొద్దస్తమానం వాని మిషన్ నాకు ఇనపడతానే ఉంటాది. ఏ మిషన్ గొంతు దానిదే అప్పా, దీనిది కొంచెం బొంగురు. ఇనపడతాంటే వాడు బాగుండాడని లెక్క. ఒగదినం ఆగిపాయె. బీడీకి ఆపినాడేమో అనుకొని నేను నా పని చేస్కుంటా ఉండిపోతి." చెట్టు పుల్లయ్య మీద పడింది. "ఫొటో గూడా తీయించుకోలేదు వాడు. నాకు వాడంటే ఆ సౌండే."

మరి ఆ మాట విన్నాక ఏ మెకానిక్కు ఊరుకుంటాడు? పెంటయ్య ఆ మిషన్‌ను నట్టు నట్టుగా విప్పాడు. పిస్టన్ రింగులు కోయంబత్తూరు నుంచి తెప్పించి అరగదీసి సరిపెట్టాడు. సీళ్లు ఒక పాత మోపెడ్‌వి పట్టాయి. కార్బురేటరు లోపలి పలచటి పొర ఇంకో మిషన్‌ది కత్తిరించి వేశాడు. మునిస్వామి స్టూలు మీద కూర్చుని పాత బోల్టులు కిరోసిన్‌లో కడిగేవాడు. మధ్యమధ్యలో పేపరు చదివి వినిపించేవాడు. పెంటయ్యకు చదువు రాదు. పానా మీది అంకెలు తప్ప అక్షరం ముక్క తెలియదు. చదవడం అయ్యాక మునిస్వామి పెన్ను తీసి పేపర్లో పదవినోదం గళ్లు నింపుకుంటూ కూర్చునేవాడు. వెళ్లేటప్పుడు పేపరు షెడ్డులోనే వదిలేసేవాడు, చేతులు తుడుచుకోవడానికి పనికొస్తుందని.

ఏడాదిలో మిషన్ అంతా సిద్ధమైంది, ఒక్క మ్యాగ్నెట్ చక్రం తప్ప. ప్లగ్గుకు నిప్పు పుట్టించేది అదే. పుల్లయ్య మిషన్‌లో అది పగిలి, ఇరుసుకు పట్టి ఉంచే చీల కూర్చునే గాడి విరిగిపోయింది. అది వేరే మిషన్‌ది పట్టదు, లేతు మీద చేయించేదీ కాదు. అచ్చం అలాంటి మిషన్‌దే కావాలి. పెంటయ్య తెలిసిన ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పి పెట్టాడు. 

చెప్పిన వాళ్లలో సాయిలు ఒక్కడు గుర్తుపెట్టుకున్నాడు. జనవరిలో, తెలంగాణ మీద కమిటీ రిపోర్టు వచ్చిందని ఊరంతా అట్టుడికిన రోజున, మునిస్వామి వెళ్లిపోయిన గంటకు లారీ ఆపి, శివమొగ్గ పాత ఇనుప సామాన్లలో దొరికిందంటూ చక్రం చేతిలో పెట్టిపోయాడు. పెంటయ్య వెంటనే దాన్ని ఇరుసుకు తొడిగి చూశాడు. పుట్టినింటికి వచ్చినట్టు కూర్చుంది. పగులు లేదు, అయస్కాంతం బ్రహ్మాండంగా పట్టుకుంటోంది. రేపు పదింటికి బిగించి తాడు లాగితే పుల్లయ్య మిషన్ మోగుతుంది.

ఆ తర్వాత?

పెంటయ్య ఆ ప్రశ్న వేసుకున్నాడు, అక్కడే తప్పు జరిగింది. ఆ తర్వాత మునిస్వామి సౌండు వింటాడు, కళ్లు తుడుచుకుంటాడు, మిషన్‌ను గోనెసంచిలో పెట్టుకుని పోతాడు. ఎల్లుండి పదింటికి ఆయనకు ఇక్కడేం పని? స్టూలు ఖాళీ. పెంటయ్య చక్రాన్ని ఇరుసు మీంచి లాగేశాడు. పక్కనున్న ఆ రోజు పేపర్లో చుట్టి, పై అరలో బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేశాడు. పది రోజులే, తర్వాత చెప్పేద్దాం అనుకున్నాడు. సంక్రాంతి అయిపోయింది, శివరాత్రి అయిపోయింది. ఉగాదినాడు మునిస్వామి టిఫిన్ డబ్బాలో బొబ్బట్లు తెచ్చి, "చక్రం దొరుకుతాదంటావా పెంటయ్యా?" అని అడిగాడు.

"దొరుకుతదన్నా. ఫికర్ చెయ్యకు," అన్నాడు పెంటయ్య నోట్లో బొబ్బట్టుతో. ఎంత సిగ్గులేని మనిషో చూడండి. కానీ ఒంటరితనం అలాంటి పనులే చేయిస్తుంది.

ఎండాకాలం పోయాక మునిస్వామిలో మార్పు వచ్చింది. పేపరు పైకి చదవడం మానేశాడు. పెంటయ్య ఏదైనా అంటే ఒక్కోసారి నవ్వి ఊరుకునేవాడు, ఒక్కోసారి అదీ లేదు. అప్పటికి చౌరస్తాలో దీక్షల టెంటు పడింది. పెంటయ్య కూడా ఒక పూట కూర్చొచ్చాడు, ఎందుకు కూర్చోడు, తన ఊరికి నీళ్లు రాని సంగతి తనకు తెలియదా. తను టెంట్లో కూర్చోవడం ముసలాయనకు నచ్చలేదేమోనని లోపల గుబులు. సెప్టెంబరులో ఒకరోజు, రేపటి నుంచి సమ్మె, బస్సులు ఉండవని అందరూ అనుకుంటుంటే, పెంటయ్య ఉండబట్టలేక అడిగేశాడు.

"తెలంగాణ వస్తె మీరు ఈడనే ఉంటరా అన్నా, ఎల్లిపోతరా?"

పోతాడేమోనన్న భయంతో అడిగాడు. నోట్లోంచి వచ్చాక మాత్రం, పొమ్మన్నట్టు వినిపించింది. మునిస్వామి తల ఎత్తలేదు. గళ్లు నింపుకున్నాడు, ఒంటిగంటకు లేచాడు, "వస్తానప్పా" అని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి సకల జనుల సమ్మె. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, కరెంటు ఉన్నంతసేపే ఉండేది. పెంటయ్య పదింటికి స్టూలు తుడిచి బయట వేసేవాడు, ఒంటిగంటకు లోపల పెట్టేవాడు. పదిరోజులకు ఓపిక చచ్చి ఫోన్ చేశాడు. అవతల మునిస్వామి గొంతు, "హలో, హలో" అంది. "అన్నా, నేను పెంటయ్యను. ఏందన్నా, కోపమొచ్చిందా?" అన్నాడు. ఇంకో రెండుసార్లు "హలో" అని ఫోన్ పెట్టేశాడు ముసలాయన. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. ఇంత పట్టింపు మనిషనుకోలేదు అని పెంటయ్యకు ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. బతుకమ్మ పాటలు రోడ్డు మీద సాగుతుంటే షెడ్డులో ఒక్కడే కూర్చుని, ఆయన మళ్లీ వస్తే చక్రం బిగించి కాళ్లమీద పడతానని ఎల్లమ్మ ఫొటోకు చెప్పుకున్నాడు.

సమ్మె ముగిసి, దీపావళి వెళ్లిన నాలుగో రోజున షెడ్డు ముందు కారు ఆగింది. కోడలు సౌజన్య నడిపింది. పక్కన మునిస్వామి. దిగి, అలవాటుగా స్టూలు మీద కూర్చున్నాడు, పెంటయ్యను చూసి నవ్వాడు. నలభై రోజుల్లో చిక్కిపోయాడు. చంకలో పేపరు మాత్రం ఉంది.

"మిషన్ ఎలా ఉందో అలాగే తీసుకుపోదామన్నారు మామయ్య," అంది సౌజన్య. "ఇంక బాగుచేయొద్దంట అన్నా. ఆయనకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి."

పెంటయ్యకు మొదట ఆ మాట తలకెక్కలేదు.

"ఏమైందమ్మా?"

"మిషన్ల మోతలో ముప్పై ఏళ్లు పనిచేశారు కదా, నరాలు చచ్చుబడ్డాయన్నారు డాక్టర్లు. ఎండాకాలం నుంచే తగ్గుతూ వచ్చిందట, మాకు చెప్పలేదు. ఆ సమ్మె ముందు రోజుల్లో మొత్తం పోయింది. చెవికి పెట్టే మిషన్ తెచ్చి చూశాం, దాంతో కూడా ఏమీ వినపడట్లేదు. నేను ఫోన్లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి చూపిస్తుంటా."

కోపం లేదు, పట్టింపు లేదు. తన ప్రశ్న ఆయనకు చేరనే లేదు. ఆ సంతోషం పెంటయ్యకు ఒక్క క్షణం ఉందో లేదో, పై అరలో డబ్బా గుర్తొచ్చింది. అబద్ధమాడి మిషన్ ఇచ్చి పంపేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఎల్లమ్మకు మాటిచ్చాడు. స్టూలెక్కబోయి, ముసలాయన దాని మీద ఉన్నాడని గుర్తొచ్చి, డ్రమ్మెక్కి డబ్బా దించాడు. మూత తీసి పొట్లం బయటికి తీశాడు.

మునిస్వామి చెయ్యి చాచి అందుకున్నాడు. విప్పి చక్రాన్ని చూశాడు. అటూ ఇటూ తిప్పి, గాడిలో వేలు పెట్టి తడిమాడు. ముఖం వెలిగింది. ఆ తర్వాత చుట్టిన కాగితం మీద చూపు పడింది.

పేపరులో గళ్లున్నాయి. గళ్లల్లో తన చేతిరాత ఉంది. పైన జనవరి తారీకు ఉంది. అక్షరం రానివాడికి కాగితమంటే కాగితమే, అది మాట్లాడుతుందని పెంటయ్యకు పదినెలల్లో ఒక్కసారైనా తట్టలేదు. ముసలాయన ఆ గళ్లవైపు ఎంతసేపు చూశాడంటే, సౌజన్య "ఏంటి మామయ్యా?" అని వంగి చూసింది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. చక్రం పెంటయ్య చేతికి ఇచ్చి, బిగించు అన్నట్టు తల ఊపాడు.

పెంటయ్య బిగించాడు. చక్రానికీ కాయిలుకూ మధ్య ఎడం సరిపెట్టడానికి మందపాటి కాగితం కావాలి. సౌజన్య తన ఆఫీసు విజిటింగ్ కార్డు ఇచ్చింది. అది మధ్యలో దూర్చి, స్క్రూలు బిగించి, కార్డు లాగేశాడు. పెట్రోలు, నూనె కలిపి పోశాడు. మునిస్వామి లేచి వచ్చి, ముందు పిడి మీద తన రెండు చేతులూ వేసి అదిమి పట్టాడు. పెంటయ్య తాడు లాగాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అంటుకుంది.

చౌరస్తాలో జనం ఆగి చూశారు. సౌజన్య చెవులు మూసుకుంది. బొంగురుగా, మందంగా, ఛాతీలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు. పెంటయ్య బతుకులో ఎన్ని మిషన్లు విన్నాడో, అలాంటిది వినలేదు. కొండ అవతల నుంచైనా పోల్చుకోవచ్చు. మునిస్వామి పిడి మీద చేతులు అలాగే ఉంచి, మిషన్‌ను కాదు, పెంటయ్య ముఖాన్ని చూస్తున్నాడు, అక్కడేమైనా వినపడుతుందేమోనని. పెంటయ్య ఏడుస్తున్నాడు. కాసేపటికి మునిస్వామే మీట నొక్కి ఆపేశాడు.

"పెంటయ్యా," అన్నాడు, చెవిటివాళ్లు అనేటట్టు గట్టిగా. గొంతులో కోపం లేదు. "ఉగాదికి నాకు బాగనే ఇనపడతాండె."

అంతే అన్నాడు. కారెక్కి కూర్చున్నాడు. మిషన్‌ను వెనక సీట్లో పెట్టాక సౌజన్య ఫోన్ తీసి, "ఏమైనా చెప్పాలా అన్నా? టైప్ చేసి చూపిస్తా," అంది. ఆమె వేలు తెర మీద ఎదురుచూస్తోంది. చెప్పాల్సిన మాట ఒక్కటే, అది పెంటయ్య గొంతుదాకా వచ్చింది. ఈ అమ్మాయి ముందు, ఆమె వేలితో అచ్చవుతుంటే, ఎలా చెప్తాడు?

"జర పైలంగ పొమ్మని రాయమ్మా," అన్నాడు.

ఆమె రాసి చూపించింది. మునిస్వామి చదివి తల ఊపాడు. కారు మదీనాగూడ వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయాక, పెంటయ్య రోడ్డు మధ్యకు వచ్చి "తప్పైంది అన్నా" అన్నాడు. ఇంకా గట్టిగా ఇంకోసారి అన్నాడు. పాన్ డబ్బా ముందు నిలబడ్డవాళ్లందరికీ వినపడింది.