మాస్టారు ఆపేసిన బ్రేకు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. ఇరవై ఆరేళ్ళుగా డ్రైవింగు స్కూలు నడుపుతున్నారు. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునే మనిషి తడబడితే ఆయన అరవరు, కసరరు, "చూసుకో" అని కూడా అనరు. నిమ్మళంగా తన వైపు బ్రేకు తొక్కుతారు. బండి ఆగుతుంది. అప్పుడు తల తిప్పి కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తారు. ఆ చూపుకి చెమటలు పట్టని శిష్యుడు లేడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే అనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి, బ్రేకు తనంతట తానే వేసుకునే కారొకటి వచ్చి పడింది.

కొన్నది కూతురూ అల్లుడూ. భార్య పోయిన దగ్గర్నుంచి మాస్టారు వాళ్ళతోనే ఉంటున్నారు. కూతురు ఫిజియోథెరపిస్టు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడించి వస్తుంది. మడత బల్ల, కరెంటు పెట్టే మిషను, ఇసుక మూటలు, ఇవన్నీ బస్సుల్లో మోసి మోసి ఆమె నడుమే పట్టేసింది. "నా రోగులకంటే ముందు నేనే మంచం ఎక్కేలా ఉన్నాను నాన్నా" అని నవ్వేది. కారు వచ్చాక ఆ మోత తప్పింది. రోజుకి ముగ్గుర్ని చూసే మనిషి ఏడుగుర్ని చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరేది.

ఇక మాస్టారి సంగతి వినండి. మొదటి ఆదివారం అందరినీ ఎక్కించుకుని తానే నడుపుతానన్నారు. ఎవరు కాదంటారు? వీధి మలుపు తిరిగి పెద్ద రోడ్డు ఎక్కారో లేదో, గీత దాటావంటూ కారు 'టింగ్' మంది. మాస్టారు పట్టించుకోలేదు. కాసేపటికి స్టీరింగు దానంతటదే కొంచెం ఇటు లాగింది. "ఇదేమిటి, దీనికేమైనా పిచ్చా?" అన్నారు. ముందు పోతున్న బండి ఉన్నట్టుండి నెమ్మదించింది. మాస్టారు చూశారు, చూడకేం! తొక్కబోతున్నారు కూడా. ఈలోపే కారు కెవ్వుమని కూత పెట్టి, తానే బ్రేకు వేసేసింది. అందరూ ముందుకి తూలారు. వెనక సీట్లో ఆరేళ్ళ మనవరాలు పకపకా నవ్వి, "తాతయ్యా, కారు నిన్ను తిట్టింది!" అంది.

అల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. ఆపుకున్నట్టు మాస్టారికి తెలిసిపోయింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, కారుతో పాటు ఇచ్చిన లావుపాటి పుస్తకం పట్టుకుని కింద పార్కింగులో కూర్చున్నారు. తెర మీద ఒక్కొక్కటే తెరిచారు. గీత దాటితే మోగేది తీసేశారు. స్టీరింగు లాగేది తీసేశారు. ఎదురుగా మనిషో బండో అడ్డొస్తే బ్రేకు వేసేది వచ్చింది. 'నిజంగా ఆపేయాలా?' అని తెర అడిగింది. "నిజంగానే" అని పైకే అని, నొక్కారు. ఇదేం బుద్ధి చెప్పండి! ఆ కారు రోజూ నడిపేది కూతురు. ఆమెకి ఒక్క ముక్క చెప్పాలి కదా? చెప్తే, నాన్నగారికి కోపం వచ్చిందని అల్లుడు మళ్ళీ నవ్వుతాడు. అందుకని చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత కూతురే అడిగింది. ఆమె పనికి వెళ్తూ దారిలో ఆయన్ని స్కూలు దగ్గర దింపుతుంది.

"ఈ పసుపు దీపం ఏమిటి నాన్నా? ఇంతకు ముందు లేదే."

"ఏం లేదమ్మా, సెన్సారు మీద దుమ్ము పడి ఉంటుంది. పోనీ, పక్కన నేనున్నాగా."

ఆమె సరేనని బండి ముందుకి పోనిచ్చింది. బళ్ళ సంగతిలో నాన్న మాటంటే ఆమెకి అంత గురి.

ఆ వారంలోనే అది జరిగింది. పొద్దున్న తొమ్మిదింటికి కూతురు కారుని పార్కింగులోంచి బయటికి తీస్తోంది. మనిషి నడిచేంత వేగం, అంతకు మించి లేదు. కుడి పక్కన స్తంభం ఉంటే, దానికి గీసుకుంటుందేమోనని ఆమె అటువైపు అద్దంలోకి చూస్తోంది. ఎడం పక్కన ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి, కత్తిరించిన గుడ్డల సంచి చంకన పెట్టుకుని, మొదటి అంతస్తులో ఉండే టైలరమ్మ వచ్చింది. పక్క సీట్లోంచి మాస్టారు ఆమెని చూశారు. కూతురికంటే ముందే చూశారు. స్పష్టంగా చూశారు.

చూసి ఏం చేశారు? ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నదే చేశారు. నోరు విప్పలేదు. కాలు చాపి గట్టిగా తొక్కారు. కాలి కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు.

కారు తగిలి టైలరమ్మ కింద పడింది. సంచిలోని గుడ్డలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. కూతురు "అమ్మో" అని తలుపు తీసుకుని పరిగెత్తింది. పడేటప్పుడు చెయ్యి ఆనించడంతో టైలరమ్మ కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి. ఆసుపత్రికి తీసుకెళ్ళినంతసేపూ ఆ ఎముకని కదలకుండా పట్టుకుని కూర్చున్నది కూతురే. "నాదే తప్పు, నేను చూసుకోలేదు, నాదే తప్పు" అని దారి పొడుగునా అదే మాట. కారు నడుపుతున్న మాస్టారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

అల్లుడు ఊరుకుంటాడా? "ఇలాంటివి జరక్కూడదనే కదా ఏరి కోరి ఈ బండి తీసుకున్నాం? బ్రేకెందుకు పడలేదు?" అని ఇద్దర్నీ సర్వీసు సెంటరుకి లాక్కెళ్ళాడు. అక్కడి మెకానిక్కు మాస్టారి పాత శిష్యుడే. లేచి నిలబడి, "గురువుగారూ, మీరు కూర్చోండి" అని తన కుర్చీ ఇచ్చాడు. కారుకి ఏదో పరికరం తగిలించి తెరవైపు చూశాడు.

"బండిలో లోపమేం లేదు సార్. ఆటోమేటిక్ బ్రేకు ఆపేసి ఉంది, అంతే. ఆన్‌లో ఉంటే ఆ వేగానికి చాలావరకు ఆగిపోయేది."

"ఆపేసి ఉండటమేమిటి? దానంతటదే ఆగిపోయిందా?"

"అబ్బే, దానంతటది ఆగదు. ఎవరో లోపలికి వెళ్ళి ఆపాలి. ఆపేయాలా అని అడుగుతుంది కూడా. ఈ మోడల్లో ఒకసారి ఆపితే, మళ్ళీ మనం పెట్టేదాకా అలాగే ఉండిపోతుంది. పసుపు దీపం వెలుగుతూ ఉంటుందే మేడమ్, చూడలేదా?"

అల్లుడు భార్య వైపు తిరిగాడు. "పాటలు మారుస్తూ నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. ఆయన శిష్యుడు ఇచ్చిన కుర్చీలోనే.

కూతురు మెల్లిగా అంది. "అయ్యుండొచ్చు. దీపం చూశాను. దుమ్మేమో అనుకున్నాను."

అనుకున్నాను అంది. నాన్న చెప్పారని అనలేదు. శిష్యుడి ముందు, అల్లుడి ముందు తండ్రి చిన్నబోకూడదని ఆ మాట తన నెత్తిన వేసుకుంది. అది మాస్టారికి అర్థం కాకుండా ఉంటుందా? నోరు తెరిచారు. "మంచినీళ్ళున్నాయా?" అన్నారు. ఛీ! అంతకంటే సిగ్గుమాలిన మాట తన జన్మలో మరొకటి అనలేదని తర్వాత ఆయనే అనుకున్నారు.

శిష్యుడు అన్నీ మళ్ళీ ఆన్ చేసి ఇచ్చాడు. కానీ కూతురు ఇక కారు ముట్టుకోలేదు. ఇంటికి రాగానే తాళం భర్త చేతిలో పెట్టేసింది. "నాకు చూపు నిలవదు. నాలాంటిదానికి బండి ఇవ్వకూడదు" అంది. మళ్ళీ బస్సు, మళ్ళీ భుజాన సంచి. మడత బల్ల ఇక నడుము మోయలేదు కాబట్టి, అది కావలసిన రోగుల్ని వదులుకుంది. నడుముకి పట్టీ కట్టుకుంటూ అద్దం ముందు పళ్ళు బిగించుకునేది. సాయంత్రం ఎంత అలిసిపోయి వచ్చినా, ముందు టైలరమ్మ ఇంటికెళ్ళి, వంట చేసి, ఆమె వేళ్ళు కొయ్యబారకుండా ఆడించి, అప్పుడు తన ఇంటికి వచ్చేది.

మాస్టారు రోజూ చెబుదామనే అనుకునేవారు. పొద్దున్నేమో సాయంత్రం చెబుదామనుకునేవారు. సాయంత్రం, పాపం అలిసిపోయి వచ్చింది, రేపు చూద్దాం అనుకునేవారు. అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగేది కాదు. "ఒంట్లో బాగాలేదా నాన్నా?" అని ఆమే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా ఆయన కుంచించుకుపోయేవారు. స్కూల్లోనూ అంతే. ఒకరోజు ఒకావిడ కంగారుపడి ఆక్సిలరేటరు తొక్కింది. ఆయన అలవాటుగా తన వైపు బ్రేకు వేసి ఆపారు. చూపు చూద్దామని తల తిప్పారు గానీ, ఎవరి ముఖం చూడ్డానికీ ముఖం చెల్లలేదు.

ఆరు వారాలకి టైలరమ్మ కట్టు విప్పారు. ఆ సాయంత్రమే కూతురు బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఇళ్ళకి వెళ్ళి చూసే పని మానేస్తున్నానని, తన రోగుల్ని ఇంకెవరికైనా అప్పగించమని క్లినిక్కుకి రాసిన ఉత్తరం. "రేపు ఇచ్చేస్తాను. నడుము ఇక మోయలేదు నాన్నా. బండి ఎలాగూ నావల్ల కాదు" అంది. ఏడవలేదు. టైలరమ్మ దగ్గరికి వేళయిందని మేడ దిగి వెళ్ళిపోయింది.

పన్నెండేళ్ళు చదివి, మోసి, తిరిగి నిలబెట్టుకున్న పని! తన ఒక్క నొక్కుకి పోతోంది. మాస్టారు ఆ కాగితం వైపు ఎంతసేపు చూశారో ఏమో, చెప్పులు కూడా వేసుకోకుండా మొదటి అంతస్తుకి వెళ్ళారు.

తలుపు తీసే ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. కూతురు టైలరమ్మ మణికట్టు పట్టుకుని పైకీ కిందికీ వంచుతూ, "నాలుగు... నొప్పిగా ఉంటే చెప్పండి అత్తా... అయిదు" అని లెక్కపెడుతోంది.

"ఆ బ్రేకు ఆపింది నేను" అన్నారు మాస్టారు గుమ్మంలోనే నిలబడి.

ఇద్దరూ తలెత్తారు.

"నేనే నొక్కాను. పుస్తకం చూసి మరీ ఆపాను. కారు నన్ను అందరి ముందూ తప్పు పట్టిందని ఉక్రోషం. దుమ్మని నీకు అబద్ధం చెప్పాను. సర్వీసు సెంటర్లో నోరు మూసుకు కూర్చున్నాను. నీ తప్పు కాదమ్మా అది. నాది." అక్కడితో ఆగుదామనుకున్నారు. ఆగలేకపోయారు. "ఇంకోటి. వ్యాను వెనకనుంచి ఈవిడ రావడం నేను ముందే చూశాను."

టైలరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "చూశారా?"

"చూశానమ్మా."

"నోరు లేదా మీకు? 'ఆగు' అని ఒక్క మాట అనలేకపోయారా?"

"కాలు తొక్కాను... అలవాటు..."

"బాగుంది! కాలితో అరిస్తే ఎవరికి వినిపిస్తుంది మాస్టారూ? ఈ పిల్ల ఆరు వారాలుగా నా ఇంటికొచ్చి ఏడుస్తోంది. నా చెయ్యి విరిగితే విరిగింది, అతుక్కుంది. ఈ పిల్లనేం చేశారో చూసుకున్నారా మీరు?"

మాస్టారు తల దించుకున్నారు. ఆవిడ ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. కూతురు తిట్టినా బాగుండును. కూతురు మాత్రం చేతిలోని మణికట్టు వదల్లేదు. "ఆరు" అంది. "ఏడు." పది దాకా లెక్కపెట్టి, వేడినీళ్ళ సంచి అమర్చి, రేపు ఇదే వేళకి వస్తానని చెప్పి లేచింది. తండ్రి పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది.

ఇంట్లో అల్లుడికి తానే చెప్పుకున్నారు మాస్టారు. అల్లుడు కోప్పడలేదు, నవ్వనూ లేదు. "మావయ్యగారూ..." అని ఆగిపోయి, మేకుకి తగిలించిన కారు తాళం తీసి భార్యకిచ్చాడు. ఆమె ఉత్తరాన్ని నాలుగు ముక్కలుగా చింపింది.

పొద్దున్న ఆమె మడత బల్ల డిక్కీలో పెడుతుంటే మాస్టారు కిందికి వచ్చారు. వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. ఆమె ఎక్కింది. తెర మీద అన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంది. స్టీరింగు పట్టుకుంది.

"మీరు దిగండి నాన్నా" అంది.

"ఇన్నాళ్ళకి తీస్తున్నావు. మొదటి రోజు ఒక్కదానివే ఎలా..."

"మీ దగ్గర నేర్చుకునేటప్పుడు నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే మీరు వేసేసేవారు. ప్రతిసారీ. అసలు నాకు బ్రేకు వేయడం వచ్చో రాదో నాకే తెలీదు నాన్నా. ఇన్నాళ్ళూ రాదనే అనుకున్నాను." ఆమె ఆయన వైపు చూడలేదు. "దయచేసి దిగండి."

మాస్టారు దిగారు. తలుపు మెల్లిగా వేశారు. కారు కదిలింది. స్తంభం దాటింది. గేటు దగ్గర ఒకాయన సైకిలు నడిపించుకుంటూ అడ్డొచ్చాడు. కారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కూత లేదు, కుదుపు లేదు. చాలా ముందునుంచే నెమ్మదించి, మెత్తగా ఆగింది. అది యంత్రం వేసిన బ్రేకు కాదు. అంత చక్కగా వేసే శిష్యులు ఆయనకి ఇరవై ఆరేళ్ళలో పట్టుమని పదిమంది లేరు. సైకిలాయన దాటాక ఆమె పెద్ద రోడ్డు మీదికి తిరిగి వెళ్ళిపోయింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ సంబరంగా వచ్చాడు. "అమ్మాయిగారు మళ్ళీ మొదలెట్టారే! ఎంత బాగా తీశారండీ! మీరు నేర్పిందే కదా మాస్టారూ?"

అవునని అనడానికి ఆయనకి సిగ్గేసింది.