చింతగింజల పొట్టు

చింతగింజలు వేయించి పొట్టు దంచడం చేతకాని ఆడది తమిళనాడు గుడియాత్తంలో ఉండదు. ఆ పొట్టుతో తోలు ఫ్యాక్టరీల మురికినీళ్ళలోంచి క్రోమియం తీయొచ్చని వేలూరు కాలేజీలో పరిశోధన చేసింది మాత్రం భువన ఒక్కతే. తోలు ఎగుమతులు పెరిగేకొద్దీ పాలారు ఒడ్డు బావులు పాడవుతున్న రోజులవి. పొట్టు తన రంగునే నీళ్ళలోకి వదిలి మొదటి ఏడాదంతా ఏడిపించింది. ఆమ్లంతో కడిగి కడిగి ఎట్లాగో లొంగదీసింది.

పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. "నేను సరే అన్నా గనక నువ్వు చదువుతుండావు. ఇంకొకడైతే ఇంట్లో కూర్చోబెట్టుండును" అనేవాడు మొగుడు విజయకుమార్. కోపంగా కాదు, పెరుగన్నం కలుపుకుంటూ నవ్వుతూనే. భువన ప్రతిసారీ థాంక్స్ చెప్పేది. బస్సు తప్పి ఆలస్యమైతే తిట్టనందుకు థాంక్స్, జ్వరమొచ్చి పడుకుంటే విసుక్కోనందుకు థాంక్స్. చెప్పీ చెప్పీ ఆ మాటకు రుచి లేకుండా పోయింది.

డాక్టరేట్ వచ్చింది. ఊళ్ళో తెలుగు సంఘం వాళ్ళు సన్మానం పెట్టారు. "పెండ్లాన్ని చదివించిన మగోడికే మొదటి పొన్నాడై" అని సంఘం పెద్ద అరుణాచలం విజయకుమార్‌ను పిలిచి పట్టు శాలువా కప్పాడు. భువన కూడా చప్పట్లు కొట్టింది.

అంతలో ముందు వరసలో ఒకావిడ అడిగింది. "అంత పొట్టు యాడ తెస్తివమ్మా?"

"మా అత్త దంచిచ్చింది."

చమత్కారమనుకొని అందరూ నవ్వారు. భువన మాత్రం నవ్వలేకపోయింది. గింజలు వేయించింది, దంచింది, చెరిగింది అత్త భారతమ్మే. తను వేలూరులో ఉన్నన్నాళ్ళూ వంటా బట్టలూ ఆమెవే. ఇప్పుడు సభలో కూడా లేదు, సన్మానం నుంచి వచ్చేవాళ్ళ కోసం ఇంట్లో వంట చేస్తోంది. మొగుడు తన కష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదని లోలోపల కుమిలిన తను, అత్త చాకిరీని ఏ లెక్కలో వేసుకుంది?

ఇంటికొచ్చేసరికి భారతమ్మ అప్పడాలు వేయిస్తోంది. భువన తిన్నగా వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తా, నువ్వు లేకుంటే నాకీ చదువు లేదు. మా అమ్మ కూడా నాకింత చెయ్యలేదు."

కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళలో ఎవరూ గుర్తు చేయకుండా తనంతట పొంగుకొచ్చిన కృతజ్ఞత ఇదొక్కటే. ఎంత హాయిగా ఉందో!

భారతమ్మ చేతులు విడిపించుకోలేదు.

"అదంతా సరే గానీమ్మా, నాకొక ఆశ ఉండాది. ఇన్నేండ్లు దంచినా గదా, ఆ పొట్టు నీళ్ళను ఏం చేస్తుందో ఒక్కతూరి కంటితో చూడాల. నువ్వే పిలుస్తావని చూస్తా ఉండినా."

ఒక్కసారి కూడా పిలవాలని తోచలేదు భువనకు. "రేపే పోదామత్తా. పొట్టు నింపిన గాజు గొట్టంలో పసుపు రంగు నీళ్ళు నువ్వే పైన పోద్దువు. కింద తేటగా దిగేది నువ్వే చూద్దువు" అంది.

ముందు గదిలో శాలువా మడత పెట్టుకుంటున్న విజయకుమార్ అక్కణ్ణించే కేకేశాడు. "అమా, ఇద్దరూ పోతే రేపు వంటెవరు చేసేది?"

భారతమ్మ స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మొదటి బస్సు ఎన్నింటికమ్మా?" అంది కోడలితో.